ఆ ‘తదితరులు’ ఎవరో కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికా నల్లవాళ్ల బ్లూస్ సంగీతం మీద వచ్చిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో బ్లూస్‌కి రెండు పేజీలు ఇవ్వడమే పెద్ద విషయం, అందుకు ముందుగా థాంక్స్. కానీ ఒక్క మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. రెండు పేజీలూ కలిపి ముగ్గురి కథే ఉంది. నాలుగు రోడ్ల కూడలిలో సైతానుకి ఆత్మ అమ్ముకున్నాడని చెప్పుకునే రాబర్ట్ జాన్సన్, గిటారుకి లూసీల్ అని పేరు పెట్టుకున్న బి.బి. కింగ్, మిసిసిపీ పత్తి చేల నుంచి 1943లో షికాగో వచ్చి ఎలక్ట్రిక్ గిటారు పట్టిన మడ్డీ వాటర్స్. సరే, బాగానే ఉంది. రెండో పేజీలో మడ్డీ వాటర్స్ బ్యాండ్ ఫొటో వేసి, కింద ‘మడ్డీ వాటర్స్, తదితరులు’ అని రాశారు. నాకు గుచ్చుకున్నది ఆ రెండో మాటే.

ఎందుకంటే ఆ ఫొటో నాకు బాగా తెలుసు. పద్నాలుగేళ్లు షికాగోలో ఉద్యోగం చేశాను, దక్షిణం వైపు శివారులో మేం అద్దెకున్న ఇంటి పక్కింటాయన వంటగదిలో ఫ్రిజ్ తలుపు మీద ఆ ఫొటోనే ఉండేది, ఏదో పత్రిక నుంచి కత్తిరించింది, అంచులు పసుపెక్కిపోయి. ఆయన బేస్ గిటారు, అంటే పాటకి అడుగున మోత ఇచ్చే గిటారు, వాయించేవాడు. పగలు బస్సుల గ్యారేజీలో మెకానిక్, రాత్రిళ్లు బ్లూస్. పదిహేనేళ్ల వయసులో మొదలుపెట్టి డెబ్బై దాటాక కూడా వాయిస్తూనే ఉన్నాడు, ఆయన పేరు మీద ఒక్క రికార్డు కూడా లేదు. పేరు ఇక్కడా రాయను, ఆయనకి అలాంటివి ఇష్టం ఉండవు. ఆ ఫొటోలో ఆయన చూసేది మడ్డీ వాటర్స్‌ని కాదు. వెనక బేస్ పట్టుకుని నిలబడ్డ కాల్విన్ జోన్స్‌ని. ‘ఫజ్’ అనేవారు అందరూ. మనింట్లో దేవుడి పటం ఎలా పెట్టుకుంటామో ఈయన అలా పెట్టుకున్నాడు.

మా పక్కింటాయన ఆరేళ్లప్పుడు వాళ్లమ్మతో కలిసి మిసిసిపీ నుంచి ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి షికాగో వచ్చాడు. అప్పట్లో దక్షిణాది నల్లవాళ్లు లక్షల మంది అలాగే వచ్చారు, కొందరు పనుల కోసం, కొందరు పని కంటే ముందు ప్రాణం కోసం. బేస్ ఎందుకు పట్టావు అని ఒకసారి అడిగితే నవ్వాడు. పేటలో కుర్రాళ్లు బ్యాండ్ పెట్టుకుంటే అప్పటికే ముగ్గురు గిటారు వాళ్లు తయారుగా ఉన్నారట, ముగ్గురూ ముందు నిలబడతామనేవాళ్లే. బేస్‌కి ఎవరూ లేరు. ‘ఖాళీగా ఉన్నది ఆ ఒక్క కుర్చీ, వెళ్లి కూర్చున్నా’ అన్నాడు. అంతే, యాభై ఏళ్లు లేవలేదు.

మొత్తం ఎన్ని బ్యాండ్లలో వాయించావో లెక్క వేద్దామని ఒక చలికాలం రాత్రి కరెంటు బిల్లు వెనక రాయడం మొదలుపెట్టాం. ఇరవై మూడు దాకా వచ్చింది, అక్కడ గొడవ మొదలైంది. ఒక బ్యాండ్ పేరు మారి అవే మనుషులు ఉంటే ఒకటిగా లెక్కేయాలా, రెండా? పేరు అదే ఉండి మనుషులంతా మారిపోతే? చివరికి ఆయనే తీర్పు చెప్పాడు: వ్యాన్ మారకపోతే బ్యాండ్ మారనట్టే. దాంతో లెక్క పంతొమ్మిదికి దిగింది. ఆ పంతొమ్మిది ఎందుకు విడిపోయాయో కూడా చెప్పాడు, సంగీతం గురించి కొట్టుకుని విడిపోయింది రెండే రెండు. మిగతావన్నీ మామూలు కారణాలే. డ్రమ్మర్‌కి వేరే ఊర్లో ఉద్యోగం వచ్చింది, సింగర్ చర్చిలో చేరి బార్లలో పాడనన్నాడు, వ్యాన్ ఇంజిన్ పోయింది, ఇంకొకడు వదినగారితో... సరే, అది వద్దు లెండి.

ఆయనతో కలిసి నేను చాలా శుక్రవారాలు వెళ్లాను, ఆంప్ మోయడానికి, అంటే బేస్ శబ్దం పెంచే యాంప్లిఫైయర్ పెట్టె. బేస్ ఆంప్ ఎంత బరువుంటుందో మోస్తేగానీ తెలీదు. డ్యూటీ నుంచి నాలుగింటికి వచ్చేవాడు, గోళ్ల సందుల్లో గ్రీజు పోయేదాకా చేతులు రుద్దుకునేవాడు, ఇస్త్రీ చొక్కా, కోటు. మిగతావాళ్లు టీ షర్టులో వచ్చినా సరే ఈయన కోటు వేయాల్సిందే. ఆంప్‌ని పాత దుప్పట్లో చుట్టి డిక్కీలో పడుకోబెట్టేవాడు. ఎనిమిదింటికల్లా క్లబ్బులో ఉండాలి, తొమ్మిదిన్నరకి మొదటి సెట్. ముప్పావు గంట వాయించడం, పావుగంట బ్రేక్, అలా నాలుగు సెట్లు. ముగిసి, వైర్లన్నీ చుట్టి, డబ్బుల కోసం బార్ దగ్గర నిలబడి, ఇంటికొచ్చేసరికి మూడు దాటేది. బేస్ తీగలు పదకొండేళ్లుగా మార్చలేదని గర్వంగా చెప్పేవాడు. కొత్త తీగలు గలగలమంటాయట, బ్లూస్‌కి కావలసింది పరుపు మీద పిడికిలితో గుద్దినట్టుండే ‘దబ్’మన్న మోత. కొత్త తీగలేసుకుని వచ్చే కుర్రాళ్లని చూసి తల అడ్డంగా ఊపేవాడు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. రిహార్సల్ ఉండేది కాదు. గిటారు అతను జ్వరమొచ్చి రాకపోతే సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి ఇంకెవర్నో పిలిచేవాళ్లు, ఆ వచ్చినతను ఈయన్ని జన్మలో చూసి ఉండడు, పదింటికి ఇద్దరూ ఇరవై ఏళ్ల స్నేహితుల్లా వాయిస్తుంటారు. అదెలా అంటే బ్లూస్ కట్టుబడి అలాంటిది. మామూలు బ్లూస్ పాటకి పన్నెండు బార్లు (తాళంలో ఆవర్తనాల్లాంటివి), బార్‌కి నాలుగు దెబ్బలు. కార్డ్‌లు, అంటే కలిపి వాయించే స్వరాల గుత్తులు, మూడే, శ్రుతి నుంచి లెక్కేస్తే ఒకటో స్వరం మీద ఒకటి, నాలుగో స్వరం మీద ఒకటి, ఐదో స్వరం మీద ఒకటి. మొదటి నాలుగు బార్లలో ఒక మాట పాడతాడు, తర్వాతి నాలుగు బార్లలో మళ్లీ అదే మాట, ఆఖరి నాలుగులో దానికి జవాబు. చివరి రెండు బార్లని టర్న్‌అరౌండ్ అంటారు, మళ్లీ మొదటికి తిప్పి తెచ్చేది అది. లీడర్ వెనక్కి తిరిగి ‘షఫుల్ ఇన్ ఏ, ఫ్రమ్ ద ఫైవ్’ అన్నాడంటే చాలు. షఫుల్ అంటే నడక, ఏ అంటే శ్రుతి, ఫ్రమ్ ద ఫైవ్ అంటే తొమ్మిదో బార్ నుంచి, అంటే ఐదో స్వరం కార్డ్ దగ్గర నుంచి ఎత్తుకోమని. ఆ ఒక్క ముక్కతో ముక్కూమొహం తెలియని ఐదుగురు ఒక్కసారిగా మొదలుపెట్టగలరు. పిడికిలి పైకెత్తితే ఆపాలి. ఇంత సులువా అనిపిస్తుంది గానీ, ఆ పన్నెండు బార్లలో యాభై ఏళ్లు విసుగు పుట్టకుండా నడవడం మాత్రం అంత సులువు కాదు.

పైగా కొందరు సింగర్లకి పన్నెండు అంటే లెక్కే ఉండదు. జాన్ లీ హుకర్ అంతటివాడి పాటల్లోనే బార్లు కొన్నిసార్లు పదకొండో పదమూడో అవుతాయి, ఆయన మనసు మారినప్పుడే కార్డ్ మారుతుంది. మా పక్కింటాయన వాయించే ఒక బ్యాండ్‌లో ముసలి సింగర్ ఒకాయన అలాంటివాడే, మాట మర్చిపోతే గుర్తొచ్చేదాకా ఆ బార్‌లోనే ఉండిపోయేవాడు. ఒక రాత్రి కుర్ర గిటారిస్టు రూల్ ప్రకారం ముందుకెళ్లిపోయాడు, సింగర్ ఇంకా వెనకే ఉన్నాడు, రెండు సెకన్లు అంతా గందరగోళం. ఈయన కళ్లు మూసుకుని, సింగర్ ఎక్కడున్నాడో అదే స్వరాన్ని గట్టిగా నాలుగుసార్లు కొట్టాడు, డ్రమ్మర్‌కి అర్థమైంది, అందరూ వెనక్కొచ్చి చేరారు, కింద డాన్స్ చేస్తున్నవాళ్లలో ఒక్కరికీ తెలియలేదు. బ్రేక్‌లో కుర్రాడు వచ్చి ఆయన తప్పు పాడాడు కదా అంటే, ‘ఆయన పాడిందే పాట. తప్పితే మనమే తప్పాలి’ అన్నాడు. సైడ్‌మ్యాన్ అంటే, లీడర్ వెనక వాయించేవాడంటే, ఏంటో నాకు ఆ రాత్రి తెలిసింది. మన బుర్రకథలో వంతగాడు గుర్తొచ్చాడు నాకు. కథకుడు దారి తప్పితే తందాన అంటూ లాక్కొచ్చేది ఆయనే, జనం చూసేదేమో తంబుర పట్టినాయన్ని.

ఇప్పుడు మీ ఫొటోలో ‘తదితరుల’ దగ్గరికి వస్తాను. డ్రమ్స్ మీద ఉన్నది విల్లీ స్మిత్, ‘బిగ్ ఐస్’ అనేవారు. మడ్డీ వాటర్స్ లాంటివాడి దగ్గర డ్రమ్స్ వాయించి కూడా 1960లలో మధ్యలో కొన్నేళ్లు సరిగ్గా పని లేక టాక్సీ నడిపాడు, తర్వాత మళ్లీ అదే బ్యాండ్‌కి తిరిగొచ్చాడు. పియానో దగ్గర ఉన్నది పైన్‌టాప్ పెర్కిన్స్, 1913లో పుట్టాడు. మొదట్లో గిటారు కూడా వాయించేవాడు, 1940లలో ఒకావిడ కత్తితో పొడిస్తే ఎడమ చేతి నరాలు తెగి గిటారు వదిలేసి పూర్తిగా పియానోకి వచ్చేశాడు. 1969లో మడ్డీ బ్యాండ్‌లో చేరేటప్పటికి ఆయనకి యాభై ఆరేళ్లు. సొంత పేరుతో ఎక్కువ రికార్డులు వచ్చింది డెబ్బై దాటాకే. 1980లో డబ్బుల దగ్గర తేడా వచ్చి బ్యాండ్ మొత్తం మడ్డీని వదిలి బయటికి వచ్చేసినప్పుడు స్మిత్, పెర్కిన్స్, కాల్విన్ జోన్స్, హార్మోనికా వాయించే జెర్రీ పోర్ట్‌నాయ్ కలిసి లెజెండరీ బ్లూస్ బ్యాండ్ అని పెట్టుకున్నారు. 2011 ఫిబ్రవరిలో స్మిత్, పెర్కిన్స్ కలిసి చేసిన ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది, పెర్కిన్స్‌కి అప్పుడు తొంభై ఏడు. ఆ మరుసటి నెలలోనే ఆయన పోయాడు. స్మిత్ అదే ఏడాది సెప్టెంబర్లో పోయాడు. వీళ్లండీ మీ తదితరులు!

వీళ్లయినా నయం, కాస్త పేరొచ్చింది. మెంఫిస్‌లో ఫర్రీ లూయిస్ అని ఒకాయన, రైలు కింద కాలు పోయి కట్టె కాలుతో నడిచేవాడు, 1920లలో రికార్డులు ఇచ్చాడు, ఆ రికార్డులతో పూట గడవక నలభై ఏళ్లకు పైగా మెంఫిస్ వీధులు ఊడ్చాడు. మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో రికార్డు చేసి, అవి అమ్ముడుపోకపోతే మళ్లీ అవలాన్ అనే పల్లెకి వెళ్లి వ్యవసాయం చేసుకున్నాడు. 1963లో ఒక కుర్రాడు పాత పాటలో ఆ ఊరి పేరు విని వెతుక్కుంటూ వెళ్తే అక్కడే ఉన్నాడు. ఆ ముప్పై అయిదేళ్లూ ఊర్లో వాళ్ల కోసం వాయించుకుంటూనే ఉన్నాడు. హౌండ్ డాగ్ టేలర్ షికాగో దక్షిణ భాగంలో ఫ్లోరెన్స్ అనే బార్‌లో ఆదివారాలు వాయించేవాడు, చవక జపాన్ గిటారు, చిరిగిన స్పీకరు, రెండు గిటార్లు, డ్రమ్స్, బేస్ అసలు లేదు. ఈ సంగతి ఎత్తితే మా పక్కింటాయనకి కోపం వచ్చేది. బ్రూస్ ఇగ్లాయర్ అనే ఇరవై మూడేళ్ల కుర్రాడు ఆయన్ని రికార్డు చేయడానికే 1971లో అలిగేటర్ రికార్డ్స్ అనే కంపెనీ పెట్టాడు. అప్పటికి టేలర్‌కి యాభై దాటాయి. ఆ కుర్రాడు ఆ బార్‌కి రాకపోయి ఉంటే? ఆదివారం ఆదివారం వాయించి, పోయి ఉండేవాడు, అంతే, అలా పోయినవాళ్లే ఎక్కువ.

మీ వ్యాసంలో ‘బ్లూస్ అంటే దుఃఖ సంగీతం’ అని రెండుసార్లు ఉంది. దుఃఖం లేదనను. కానీ దాన్నే పట్టుకుంటే సగమే చెప్పినట్టు. జీతాలొచ్చిన శుక్రవారం రాత్రి స్టీలు మిల్లుల వాళ్లు, మాంసం ఫ్యాక్టరీల వాళ్లు వచ్చి డాన్స్ చేయడానికి వాయించిన సంగీతం ఇది. డాన్స్ ఫ్లోర్ ఖాళీ అయితే వచ్చే వారం ఆ బ్యాండ్‌ని పిలవరు. షికాగోలో మాక్స్‌వెల్ స్ట్రీట్ సంతలో ఆదివారాలు బట్టల దుకాణాల మధ్య, పక్క ఇళ్ల వాళ్లకి ఎంతో కొంత ఇచ్చి కిటికీలోంచి కరెంటు వైరు లాక్కుని వాయించేవారు. ఏడుస్తూ నిలబడితే అక్కడ చిల్లర ఎవరేస్తారు?

డబ్బుల సంగతి కూడా రాయాలి, ఎందుకంటే మన పత్రికల్లో కళాకారుల గురించి రాసేటప్పుడు ఇది ఎప్పుడూ రాయరు. నేను చూసిన రోజుల్లో ఐదుగురి బ్యాండ్‌కి క్లబ్బు ఇచ్చేది నాలుగు వందల డాలర్లు, మనిషికి ఎనభై. 1980లలో కూడా అరవై, డెబ్బై వచ్చేవని ఆయనే చెప్పాడు, అద్దె మాత్రం ఎన్ని రెట్లయిందో మీరే లెక్కేసుకోండి. ఒక క్లబ్బులో ఓనరు, పేరు అనవసరం, బ్యాండ్ తాగిన కోక్‌కి కూడా బిల్లు వేసి మనిషికి పదకొండు డాలర్లు కోసుకున్నాడు. నేను గొడవ పెట్టబోతే ఈయన నా భుజం పట్టుకుని ఆపాడు, వచ్చే నెల రెండు శుక్రవారాలు పోతాయని. అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. యూనియన్ లేదా అంటే ఉంది, 1966 దాకా షికాగోలో నల్ల సంగీతకారులకి లోకల్ 208, తెల్లవాళ్లకి లోకల్ 10 అని రెండు వేర్వేరు యూనియన్లు, ఆ ఏడాది కలిపారు. కానీ పేటలో చిన్న బార్ దాకా యూనియన్ రేటు ఎక్కడొస్తుంది. ఈయనకి పెన్షన్, ఇన్సూరెన్స్ అన్నీ బస్సుల గ్యారేజీ ఇచ్చినవే. హౌలిన్ వుల్ఫ్ అనే సింగర్ ఒక్కడు తన బ్యాండ్ వాళ్లకి సోషల్ సెక్యూరిటీ, నిరుద్యోగ బీమా కట్టేవాడని సైడ్‌మెన్ అందరూ ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. జీతంలో మామూలుగా ఉండాల్సిన దాన్ని కథలా చెప్పుకుంటున్నారంటే మిగతావాళ్ల సంగతి అర్థమవుతుంది కదా.

తర్వాత దక్షిణం వైపు క్లబ్బులు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. థెరిసాస్ క్లబ్బు 1983లో పోయింది, గిటారిస్టు బడ్డీ గై 1972లో పెట్టిన చెకర్‌బోర్డ్ క్లబ్బు 43వ వీధి వదిలి వేరే చోటికి మారి, కొన్నాళ్లకి అదీ లేకుండా పోయింది. పని అంతా ఉత్తరం వైపు టూరిస్టుల క్లబ్బులకి వెళ్లింది. అక్కడ ప్రతి రాత్రీ షికాగో పేరున్న ఆ ఒక్క పాట ‘స్వీట్ హోమ్ షికాగో’ వాయించమని చీటీ వస్తుంది. ఈయన దానికి వంద డాలర్లు అని అట్టముక్క మీద రాసి టిప్ జార్‌కి అతికించాడు, అయినా ఇచ్చేవాళ్లు ఉండేవాళ్లు! తిట్టుకుంటూ వాయించేవాడు, కానీ సరిగ్గానే వాయించేవాడు.

నేను తిరిగొచ్చేసే ముందు చివరిసారి వెళ్లింది ఒక సోమవారం జామ్‌కి. జామ్ అంటే హౌస్ బ్యాండ్ ఉంటుంది, వచ్చినవాళ్లు కాగితం మీద పేరు, వాయిద్యం రాసి కూర్చుంటారు, పిలిచినప్పుడు స్టేజీ ఎక్కి మూడు పాటలు వాయించి దిగాలి. పదిహేడేళ్ల అమ్మాయి ఒకతె వచ్చింది, వాళ్ల నాన్న పక్కన కూర్చుని టెన్షన్‌తో కాలు ఊపుతున్నాడు. బేస్ అని రాసింది గానీ బేస్ తెచ్చుకోలేదు. ఈయన తన బేస్ తీసి ఆ పిల్ల మెడలో వేశాడు, పట్టీ పొడుగైతే ముడేసి పొట్టి చేశాడు, ఆంప్ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. మొదటి పాటంతా వేళ్లతో కార్డ్‌లు చూపిస్తూనే ఉన్నాడు, ఒకటి, నాలుగు, ఒకటి, ఐదు. రెండో పాటకి చేతులు కోటు జేబుల్లో పెట్టేసుకున్నాడు. పదకొండేళ్ల తీగలు అవి, ఆ పిల్ల వేళ్లు నల్లబడిపోయాయి.

ఇంత రాసింది మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు. ఈసారి బ్లూస్ గురించి గానీ ఇంకే సంగీతం గురించి గానీ రాస్తే, వారానికి రెండు రాత్రులు వాయించి పొద్దున్నే పనికి వెళ్లేవాళ్లలో ఒక్కరిని పట్టుకుని పేజీ మొత్తం ఇవ్వండి. అలాంటివాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. ప్రస్తుతానికి నేను అడిగేది చిన్న సవరణ, మూడు లైన్ల చోటు చాలు. ఆ ఫొటో కింద ఇలా వేయండి: మడ్డీ వాటర్స్, ఆయన వెనక డ్రమ్స్ మీద విల్లీ ‘బిగ్ ఐస్’ స్మిత్, పియానో దగ్గర పైన్‌టాప్ పెర్కిన్స్, బేస్ పట్టుకుని నిలబడ్డది కాల్విన్ ‘ఫజ్’ జోన్స్. జోన్స్ మొహం సగం మీ పేజీ మడతలో పడింది, వీలైతే ఈసారి ఫొటోని కొంచెం ఎడమకి జరిపి వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు